చేదర్థకం లేని క్షమాపణ

సీతారామాంజనేయులు మాస్టారు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై మూడేళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యారు. పేరు ప్రఖ్యాతులు మాత్రం ఆ తర్వాతే వచ్చాయి. గుంటూరు బ్రాడీపేటలో కొత్తగా పెట్టిన ఎఫ్‌ఎం స్టేషన్లో, 2008 నుంచి రోజూ పొద్దున ఏడింటికి ‘మన పద్ధతి’ కార్యక్రమం ఆయనది. మిరపకోతలకు కూలీలను తీసుకెళ్ళే ఆటోల్లోనూ, పత్తి మిల్లుల్లోనూ ఆ గొంతు ఖంగుమనేది. పెళ్ళిళ్ళలో నిలబడి తినే భోజనాలను, పేరు కూడా తెలుగులో రాయలేని కాన్వెంటు చదువులను ఏకిపారేసేవారు. ఎవరైనా "పాతకాలం మనిషి" అంటే, దాన్ని సన్మానం శాలువాలా భుజాన వేసుకునేవారు.

ఒకరోజు చిలకలూరిపేట నుంచి యూసుఫ్ అనే మిల్లు ఫిట్టరు ఫోన్ చేసి, ఎక్కడా తడబడకుండా ఓ సీసపద్యం చదివాడు. మాస్టారు మురిసిపోయారు. ఆ ఊపులోనే, "తురకల నోట తెలుగు పద్యం! ఎంత వింత! ఒంట్లో తెలుగు రక్తం లేకపోయినా భలే చదివావు నాయనా" అనేశారు.

మధ్యాహ్నానికల్లా స్టేషనుకు ఫోన్ల మీద ఫోన్లు. సాయంత్రం కాలేజీ పిల్లలు "వివక్ష మాటలు వద్దు" అని అట్టలు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డారు. మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నేను మెచ్చుకున్నానయ్యా! క్లాసులో ఏ పిల్లాడినైనా మతం చూసి కూర్చోబెట్టానా?" అని మేనేజరు సాయిగణేష్ మీద ఎగిరారు.

మర్నాడు అదే సంజాయిషీ రేడియోలో మొదలుపెట్టబోతుండగా ఫోన్ మోగింది. యూసుఫ్ తల్లి జైతున్‌బీ.

"నమస్కారమండీ. మావాడు చదివిన పద్యం ఎవరిదో మీరు అడగనే లేదు. మా ఆయన గౌస్ బాషా గారు రాసిందండీ. పొదిలిలో చనిపోయేదాకా తెలుగు మాస్టరే. ఆయనకెవరూ రక్తం ఎక్కించలేదు. పొదిలి నీళ్ళే తాగారు."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, నేను మెచ్చుకునే అన్నాను."

"మెచ్చుకునేవాళ్ళు బాగుందంటారు. మీరు వింత అన్నారు. మీ అబ్బాయి చదివినా వింతేనంటారా?"

స్టూడియో అద్దం అవతల నుంచి సాయిగణేష్ పాట వేసేయమని చెయ్యి ఊపుతున్నాడు. మాస్టారు వద్దని తలూపారు.

"అననమ్మా," అన్నారు మైకులోనే. "రేపు ఇదే వేళకు జవాబు చెబుతాను."

ఆయన బయటికి రాగానే సాయిగణేష్ ఓ కాగితం చేతిలో పెట్టాడు. ‘మా మాటల వల్ల ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే చింతిస్తున్నాం.’ మాస్టారు జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ‘ఉంటే’ కింద గీత గీశారు.

"ఇది చేదర్థకం. షరతు పెట్టడం. నొచ్చుకుని ఉంటే ఏమిటి? ఆ తల్లి నొచ్చుకుంది, నా చెవులారా విన్నాను. ‘మా మాటలు’ ఏమిటి? మాట నాది."

"వినేవాళ్ళు తగ్గిపోతారండీ."

"తగ్గనీ."

మర్నాడు ఏడింటికి ఆయన నేరుగా మొదలుపెట్టారు. "మొన్న నేనన్న మాట తప్పు. మెచ్చుకున్నానని నిన్నటిదాకా వాదించాను. నిజానికి ఆశ్చర్యపోయాను. తెలుగు మా ఇళ్ళలోనే పుట్టిందన్న పొగరు నాలో ఉంది గనక ఆశ్చర్యపోయాను. జైతున్‌బీ గారూ, యూసుఫ్, నన్ను క్షమించండి."

అంతే. ఎక్కడా ‘కానీ’ లేదు.

పాత స్నేహితుడు అంకమ్మరావు ఆ పూటే ఫోన్లో విరుచుకుపడ్డాడు. "ఏరా, మనోళ్ళందరి పరువూ తీశావు కదరా!"

"ఒరేయ్, తప్పు ఒప్పుకోవడం మన పద్ధతి కాదని నీకు ఏ పెద్దలు చెప్పార్రా?" అని మాస్టారు ఫోన్ పెట్టేశారు.

జైతున్‌బీ క్షమించానని అనలేదు. వారం తిరక్కుండా యూసుఫ్ చేత భర్త పద్యాల నోటుపుస్తకం పంపింది. మాస్టారు సోమవారానికొకటి చొప్పున, ముందు కవి పేరు చెప్పి మరీ చదివేవారు. మూడో సోమవారం ఆమె మళ్ళీ ఫోన్ చేసింది.

"రెండో పాదంలో విరుపు తప్పారండీ."

మాస్టారు నోటుపుస్తకం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశారు. తప్పారు. అందరూ వింటుండగానే మొదటి నుంచి మళ్ళీ చదివారు, ఈసారి ఛాతీ విరుచుకుని.