బేస్‌బాల్ పాటకు రెండో చరణం

వానాకాలం మొదలైతే రంగూనులో తోలుకు బూజు పట్టేస్తుంది. ఈ ఉదయం బీరువా తీసి, అప్పన్న మావ తొడుగుకు కొబ్బరినూనె రాశాను. బేస్‌బాల్ ఆడేవాళ్లు బంతి పట్టడానికి చేతికి వేసుకునే తోలు తొడుగు అది. ఆ వాసన తగలగానే మావ వచ్చి ఎదురుగా కూర్చున్నట్టయింది. లేచి చూస్తే ఎవరుంటారు, నా ఖర్మ.

రంగూనులో మేముండే మింగళ తౌంగ్‌న్యున్ పేటలో ఆయనది మా పక్క వాటా. రేవులో క్రేన్ నడిపేవారు. అక్కడికి పనిమీద వచ్చిన జపాను ఇంజినీరు ఒకాయన నేర్పితే ఈ ఆట పట్టుకుని, తల నెరిసినా వదల్లేదు. మా అమ్మ పోయాక నాకు ఆఫీసు, తిండి, పడక తప్ప ఇంకేమీ లేకుండా పోయింది. ఆఫీసులో నన్ను బర్మా పేరుతోనే పిలుస్తారు. తెలుగు మాట నోట పలక్కుండానే వారాలు గడిచిపోయేవి. అలాంటి ఒక ఆదివారం మావ తలుపు తట్టి, తనకొక మనిషి కావాలన్నారు. ఎందుకని అడిగితే, తన పాటకు బదులు పలకడానికట.

ఆట మైదానం రైలుకట్ట పక్కన ఉంది. మావ అందరికంటే దూరంగా, ఆ చివర నిలబడేవారు. బంతి అక్కడికి ఎప్పుడో గాని రాదు. ఆ ఖాళీలోనే ఆయన పాటలు కట్టేవారు, అన్నీ ఆ ఆట మీదే. వాళ్ల తాత రేవులో తాడు లాగే జట్టుకు మేస్త్రీ. మేస్త్రీ ఒక చరణం అంటే జట్టంతా పలకాలి. పలకకముందే రెండోది ఎత్తుకుంటే చేతులు కలవవు, బరువు జారి మనుషుల మీద పడుతుంది. మావ తన పాటలకూ అదే కట్టు పెట్టుకున్నారు. ఆడేవాళ్లలో ఒక్కరికీ తెలుగు రాదు కనుక, గీతకు ఇవతల కూర్చుని నేను పలకాలి.

ఈ ఆటలో బ్యాటు పట్టినవాడు బయల్దేరే చోటును ఇల్లంటారు. మూడు మజిలీలు చుట్టి మళ్లీ ఇల్లు తాకితేనే పరుగు. చాలామంది దారిలోనే ఆగిపోతారు. మావ పాటంతా వాళ్ల గురించే.

“ఇల్లొగ్గేసి ఎల్లినోడా, ఎంత దూరమొచ్చినావు?”

“వత్తన్నాను” అని నేను పలకాలి.

“రెండో మజిలీ కాడే పొద్దుగూకిపోనాదా?”

“వత్తన్నాను.”

మొదట్లో సిగ్గుతో చచ్చేదాన్ని. తర్వాత తర్వాత ఆ ఒక్క మాట కోసమే వారమంతా గడిపేదాన్ని. ఒకసారి ఎండకు ఒళ్లు మండి, రాని బంతి కోసం ఈ కాపలా ఏమిటని దెబ్బలాడాను. ఆయన నవ్వి, “రాదని ఎల్లిపోతే, వచ్చిన నాడు ఎవులుంటారే?” అన్నారు.

బంతి నిజంగా వచ్చిన రోజు ఏం చేశారో కూడా చెప్పాలి. మొదటి చరణం అన్నారు, నేను పలికాను, సరిగ్గా అప్పుడే రైలు వచ్చి నా మాట మింగేసింది. మావ నావైపు చెవి వంచి నిలబడిపోయారు. బంతి ఆయన వెనకాల పడి దొర్లుకుంటూ పోయింది. జట్టంతా నెత్తి కొట్టుకుంది. ఆయన మాత్రం రైలు వెళ్లేదాకా కదల్లేదు. నేను మళ్లీ పలికాకే బంతి వెంట పరుగెత్తారు. ఆ రోజు నవ్వి నవ్వి నా కడుపు చెక్కలైంది.

మావ మంచాన పడ్డాక ఒక సాయంత్రం తొడుగు నా ఒళ్లో పెట్టారు.

“నాను పోతే నువ్వు పిలవాల, పైడమ్మా. ఎవులో ఒకలు పలుకుతారు.”

“ఎవులూ పలక్కపోతే?”

“రెండోది ఎత్తకు. బరువు జారిపోతాది.”

ఆయన పోయాక మా వీధిలో నన్ను పైడమ్మా అనేవాళ్లు లేరు. అయినా ఆదివారం తొడుగు పట్టుకుని మైదానానికి వెళ్తాను. ఆ చివర నిలబడి, గొంతెత్తి మొదటి చరణం అంటాను. ఆడేవాళ్లు అలవాటుపడ్డారు, ఎవరో ఒకరు చెయ్యి ఊపుతారు. ఇంతలో రైలు వస్తుంది. అది వెళ్లేదాకా నేనూ చెవి వంచి నిలబడతాను. ఆ చప్పుడులో ఎవరైనా పలికారేమో, నాకే వినబడలేదేమో అనుకుంటాను. ఎవరూ పలకలేదని నాకు తెలుసు. ఇంకొకసారి మొదటి చరణమే పిలిచి, ఇంటికి వచ్చేస్తాను. రెండోది ఇంకా నా దగ్గరే ఉంది.