వంగపండు రంగు చీకటి

మ్యూజియంలో పాత బొమ్మలు శుభ్రం చేసే ఆవిడను అందరూ దూదక్క అంటారు. పుల్లకు దూది చుట్టి, నాలుక మీద తడిపి, బొమ్మ మీద గోరంత మేర మెల్లగా దొర్లించడం ఆవిడ పని. ఒకసారి వాడిన దూది మళ్లీ నోటికి పోదు. సీసాల్లో మందులు ఎన్ని ఉన్నా, మసికి ఉమ్మిని మించింది లేదంటుంది. అందుకే పని ఉన్నన్నాళ్లూ కారం ముట్టదు, కాఫీ తాగదు.

"మీ అమ్మ నోటి జోలికి పోకండ్రా, అది సర్కారు ఆస్తి" అంటాడు ఇంట్లో భర్త.

"అందుకేగా మీ మీద వృథా చెయ్యనిది" అంటుంది ఆవిడ.

ఆ రోజు బల్ల మీదున్నది ఒక చిత్రకారిణి వయసులో ఉండగా వేసిన కొండ. ఆమె ఇప్పుడు లేరు. ఆకారాలు వదిలేసి ఉత్త రంగులతో బొమ్మలు కట్టిన తొలినాటి వాళ్లలో ఒకరు. ఈ బొమ్మ నాటికి ఇంకా పూర్తిగా వదల్లేదు. కింద పొలం, మధ్య కొండ, పైన ఆకాశం అని తెలుస్తుంది. చెట్టు లేదు, ఇల్లు లేదు, మనిషి లేడు. మూడు పట్టీలు, వాటి మీద ముసురులా కమ్ముకున్న నలుపు. ఇన్నేళ్లూ అది చిత్రకారిణి ఇంటి వంటగదిలోనే వేలాడింది. ఆ నలుపు పొయ్యి మసేనని చూసినవాళ్లంతా అనుకున్నారు. దూదక్క కూడా అదే అనుకుని పప్పులో కాలేసింది.

కుడివైపు కింది మూల మొదలుపెట్టింది. మొదటి దూది బొగ్గులా వచ్చింది. ఇంకో నాలుగు తిప్పేసరికి లోపలి నుంచి పసుపు బయటపడింది. కళ్లలో కారం కొట్టినట్టుండే పసుపు. చూస్తుండగానే అరచెయ్యి మేర పొలం భగ్గుమంది.

"దూదక్కా, నీ నోట్లో సూర్యుణ్ణి దాచుకున్నావే!" అన్నాడు పక్క బల్ల దగ్గర ఫ్రేములు అతికే మేస్త్రి.

ఆవిడ నవ్వలేదు. పళ్లెంలో పడేసిన దూదుల వంక చూస్తోంది. చివరివి నల్లగా లేవు. వంగపండు రంగులో ఉన్నాయి. పొయ్యి మసికి ఆ రంగు రాదు. దీపం కిందికి దించి, వెలుగు పక్కనుంచి పడేలా తిప్పి చూసింది. మిగిలిన నలుపు నిండా వేళ్లతో లాగిన చారలు. పలచగా కలిపి, చేత్తో పులిమిన రంగు అది. చేతిలో పుల్ల పక్కన పెట్టేసింది.

అంతలో మ్యూజియం పెద్దాయన వచ్చాడు. సోమవారం ప్రదర్శన. ఈ బొమ్మే దానికి ముఖం.

"అదిరిందమ్మా! మిగతాది కూడా ఇలాగే లాగించెయ్."

"ఇది మసి కాదు సార్. ఆవిడ పూసిన రంగు. నేను తుడిచేశాను."

ఆయన వెనక్కి తిరిగి తలుపు చూశాడు. గొంతు తగ్గించాడు. "మొత్తం తుడిచేస్తే ఎవడికి తెలుస్తుంది? సగంలో ఆపితేనేగా తెలిసేది."

నిజమే. చివరిదాకా తుడిస్తే తప్పన్నదే మిగలదు. ఇక్కడ ఆపితే ఆ అరచేతి మేర పసుపు వచ్చినవాళ్లందరికీ దూదక్క పేరు చెప్పి అరుస్తుంది. పోయిన రంగు మాత్రం ఎలాగూ తిరిగి రాదు.

తలుపు తెరుచుకుంది. వచ్చింది చిత్రకారిణి కూతురు, తల నెరిసిన మనిషి. బొమ్మ ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చింది. పసుపు చూసి కుర్చీ లాక్కుని కూలబడింది.

"మొదట ఇలాగే వేసింది అమ్మ" అంది. "మా తమ్ముడు జ్వరంతో చనిపోయిన వారం, రెండు చేతులా నలుపు పులిమేసింది. వద్దని ఏడ్చినా వినలేదు. పెళ్లయి వెళ్లేదాకా ఆ చీకటి ఎదురుగానే అన్నం తిన్నాను. తీసెయ్యండి. మొత్తం తీసెయ్యండి."

పెద్దాయన ఊపిరి పీల్చుకున్నాడు. "విన్నావుగా. సొంతదారే అంటున్నారు."

"నేను తియ్యను" అంది దూదక్క.

"ఏం?" అంది కూతురు.

"మీ అమ్మగారు ముగించింది ఇలాగమ్మా. మూల పాడుచేసింది నేను. మిగతాది కూడా తీస్తే నా తప్పు కనపడకుండా పోతుంది, అంతే."

"బొమ్మ నాది. మీ తప్పు కప్పుకోమని నేనే అంటుంటే మధ్యలో మీకేమిటి నొప్పి?"

కూతురు కొత్త దూది పుల్ల అందుకుంది. నాలుక మీద తడిపి కొండ మీదికి వంగింది. దూదక్క ఆమె మణికట్టు పట్టుకుంది. మేస్త్రి చేతిలో సుత్తి ఆగిపోయింది.

"అమ్మా, వదులు" అన్నాడు పెద్దాయన. అన్నది ఇద్దరిలో ఎవరినో ఆయనకే తెలియదు.

"ఒక్కసారి ఇటు చూడండి. తర్వాత మీ ఇష్టం." దూదక్క రెండో చేత్తో దీపం వంచి, మణికట్టు వదిలేసింది.

వాలు వెలుగులో కొండ నిండా వేళ్ల చాళ్లు లేచాయి. ఎడమ నుంచి మొదలై, కొండ ఎక్కి, ఆకాశంలోకి పోయి, పైమూలకు జానెడు దూరంలో ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఆ జానెడు మాత్రం నలుపు పలచగా ఉంది.

పుల్ల పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. దూది ఆరిపోయింది.

"ఇక్కడ నేను పిలిచాను" అంది కూతురు. "ఆకలేస్తోందని. అన్నం పెట్టి మళ్లీ దీని జోలికి రాలేదు."

ఆమె పుల్లను పళ్లెంలో పెట్టింది.

"ఉంచండి. మా ఇంటికి మాత్రం తిరిగి పంపకండి."

సోమవారం బొమ్మ గోడకెక్కింది, పసుపు మూలతో సహా. దాని కింద, ఆ మూల శుభ్రం చేయడంలో జరిగిన పొరపాటని ఒక చిన్న వాక్యం. పెద్దాయన ఇష్టం లేకుండానే పెట్టించాడు. దూదక్కను బొమ్మల నుంచి తప్పించి ఫ్రేముల పనికి వేశారు. ఇప్పుడు కారం తింటోంది.