హనుమండ్లు ఆశ వదిలిన కంప్యూటర్

హనుమండ్లు చేతులు అప్పటికే కంప్యూటర్ డబ్బా మూత విప్పుతున్నాయి. నోరు మాత్రం దానికి దినాలు చేస్తోంది.

"ఇగ దీని మీద ఆశ ఇడిసిపెట్టుండ్రి."

ఆ మాట అనకుండా మా హనుమండ్లు ఏ వస్తువు మూతా విప్పి ఎరగడు. మంచిర్యాల స్టేషన్ రోడ్డులో ఒకే మడిగెలో సగం నాది, సగం అతనిది. నేను మోటార్లకు వైండింగ్ చేస్తాను. అతను రేడియోలతో మొదలుపెట్టి, టీవీలు దాటి, ఎవరూ నేర్పకుండానే కంప్యూటర్ల దాకా వచ్చాడు.

ఆశ వదలడంలో అతనికి పెద్దా చిన్నా తేడా లేదు. చాయ్ వస్తే "గిది తాగేటట్టు లేదు" అంటాడు, గ్లాసు ఖాళీ చేస్తాడు. బస్సు ఎదురుగా ఆగి ఉన్నా "ఇయ్యాల బస్సు రాదు" అంటూనే ఎక్కుతాడు. పిల్లను చూడటానికి పోయిన రోజు లింగవ్వ ఎదుటే "ఈ సంబంధం కుదురది" అన్నాడట. కూర ఎట్లుందని ఆమె ఇప్పటికీ మొగుణ్ణి అడగదు. నన్ను అడుగుతుంది.

ఒకసారి శంకరవ్వ ఇంట్లో టీవీ ఆగిపోయింది. ఆమె భర్త బుచ్చిరాములు మా మడిగె ముందే ఆమెతో కొట్లాటకు దిగాడు. "తడిబట్టతోని తుడిసినవా లేదా, గది చెప్పు." హనుమండ్లు టీవీ వెనక తల దూర్చి, "దీని ఆయుష్షే గింత. తుడిసినా పోతది, తుడువకున్నా పోతది" అని తేల్చేశాడు. బుచ్చిరాములు చల్లబడి బీడీ ముట్టించుకున్నాడు. సాయంత్రానికి టీవీలో బొమ్మ వచ్చింది. "వారం బతికితె ఎక్కువ" అని అప్పజెప్పాడు. శంకరవ్వకు మనవడు పుట్టాక కూడా ఆ టీవీ ఆడుతూనే ఉంది.

ఈసారి ఎదుట నిలబడింది బాలలక్ష్మి. భర్త దుబాయిలో ఉన్నాడు. ఆమె ఇక్కడ కంప్యూటర్ మీద టైపింగ్ షాపు నడుపుతోంది. పిడుగుకు పాత కంప్యూటర్ కాలిపోయి, దానిలోని హార్డ్‌డిస్కు ఒక్కటే మిగిలింది. దాన్ని తెచ్చి కొత్త కంప్యూటర్లో రెండో డిస్కుగా బిగించేసరికి కొత్తది కూడా లేవడం మానేసింది. ఊళ్లో బళ్లన్నిటి వార్షిక పరీక్షల ప్రశ్నల పేపర్లు ఆ పాత డిస్కులోనే ఉన్నాయి. చేతిరాత కాగితాలు బయటికి పొక్కుతాయని, టైపు చేసింది దిద్దడం కాగానే సార్లే దగ్గరుండి కాల్చేశారు. పరీక్షలు ఎల్లుండి.

వెంట ఆమె బావ కొండల్ వచ్చాడు. తమ్ముడు ఊళ్లో లేడు కాబట్టి ఇంటికి పెద్ద తనే.

"పేపర్లు రాకుంటె షాపుకు తాళమే. ఇంటికాడ కూసుంటది" అన్నాడు. "ముందుగాల ఎవలు చెడగొట్టిండ్రో తేలాలె."

బాలలక్ష్మి తల ఎత్తలేదు. డిస్కు బిగించింది ఎవరో ఆ తలే చెబుతోంది.

హనుమండ్లు పాత డిస్కు వైరు పీకాడు. కొత్త కంప్యూటర్ లేచింది.

"లేసింది గదా" అన్నాడు కొండల్.

"లేసి ఏం ఫాయిదా? పేపర్లు ఇండ్ల లేకపాయె."

మళ్లీ వైరు పెట్టాడు. తెర నల్లగా ఉండిపోయింది. పాత డిస్కుకు చెవి ఆనించాడు.

"తిరుగుతున్నదా అన్నా?" బాలలక్ష్మి అడిగింది.

"తిరుగుతున్నది. మా తాత గూడ ఆఖరి దినం ఊరంత తిరిగిండు."

వైరు మార్చి చూశాడు. అదే నలుపు. "అన్నా, జర బ్యాటరీ లైటు వట్టు" అన్నాడు నాతో.

పట్టాను. డిస్కు వెనక సన్నటి ముండ్లు, వాటి మీద మినపగింజంత ముక్క. ఒకే వైరు మీద రెండు డిస్కులుంటే ఏది మొదటిదో, ఏది రెండోదో చెప్పేది ఆ ముక్కే. పాతదాంట్లో అది జరపకుండానే బిగించారు. రెండూ నేనే మొదటిదాన్నని కూర్చున్నాయి. కొత్తగా బిగించే ఎవరైనా చేసే పొరపాటే. నాకు కనబడింది. అతనికీ కనబడింది. కొండల్ కూడా వంగాడు.

"ఏమైంది? ఎవల తప్పు?"

హనుమండ్లు అరచేయి డిస్కు మీద కప్పాడు. "ఎవల తప్పని చెప్పాలె? ఇది పుట్టుడే గిట్ల పుట్టింది. హైదరాబాద్ నుంచి ఇంజనీరు అచ్చి బిగిచ్చినా గిట్లనే అయితది."

"ఈమె ముట్టుకున్నందుకు కాదా మరి?"

"ముట్టుకున్నందుకే గింత పానమన్న ఉన్నది. నువ్వు పోయి చాయ్ చెప్పి రా. ఆఖరుసారి చూద్దాం. ఆశ అయితె లేదు."

కొండల్ అటు పోగానే హనుమండ్లు చిమటాతో ఆ ముక్కను పట్టి లాగాడు.

"చెల్లె, ఇటు సూడు. పాతది రెండోదిగ ఉండాలంటె గీ ముక్క గీడ పెట్టాలె. మల్లోసారి నువ్వే బిగిచ్చుకో."

"అన్నా, నేనే..."

"మూత వట్టు."

లైటు పట్టుకుని నిలబడ్డ నాకు శంకరవ్వ తడిబట్ట యాదికొచ్చింది. ఇన్నేళ్లలో మా మడిగెలో ఎన్ని వస్తువులకు ఆయుష్షు తీరిందో లెక్కలేదు. చెడగొట్టిన మనిషి మాత్రం ఒక్కరూ లేరు.

కొండల్ చాయ్ తీసుకుని వచ్చేసరికి తెర మీద పేపర్ల పేర్లు వరసగా ఉన్నాయి.

"అచ్చినయా?"

"అచ్చినయి. నిలిచేటియి కావు, జల్ది అచ్చు తీసుకోండ్రి."

కొండల్ డబ్బాను తానే భుజానికెత్తుకుని ముందు నడిచాడు. తాళం మాట మళ్లీ రాలేదు. బాలలక్ష్మి గడప దగ్గర ఆగింది.

"ఇది ఎన్ని దినాలు పనిచేస్తది అన్నా?"

"ఆశ ఇడిసిపెట్టు చెల్లె."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వుతూ బావ వెనక పోయింది. హనుమండ్లు చాయ్ గ్లాసు అందుకుని లోపలికి చూశాడు.

"గిది తాగేటట్టు లేదు" అన్నాడు. కొండల్ వదిలిపోయిన గ్లాసు కూడా అతనే తాగాడు.