వేటకు వెళ్ళనివాడి చొక్కా

ఇటుకల పండుగ, అంటే ఇక్కడి గిరిజనుల వేట పండుగ కదా, ఈ రోజు మా అరకు వీధిలో మగవాళ్ళంతా వేటకు వెళ్ళారు. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు పోస్తారు. నేను వెళ్ళకుండా అరుగు మీద కూర్చుని, ఇంటివాళ్ళమ్మాయి చిలకమ్మ చేత ఇంటర్ లాజిక్ సత్యపట్టికలు వేయించాను. ఉదాహరణకు ఆ ఆచారాన్నే తీసుకున్నాను. 'ఉత్త చేతులతో వస్తే పేడనీళ్ళు పోస్తారు' అన్నదాంట్లో మొదటి భాగం జరగకపోతే, రెండోది జరిగినా జరగకపోయినా మొత్తం వాక్యం నిజమేనని ఒత్తి ఒత్తి చెప్పాను.

సాయంత్రం వేటగాళ్ళు కుందేలుతో వచ్చారు. కలిపిన పేడనీళ్ళు అలాగే మిగిలాయి. చిలకమ్మ బిందెతో నా వైపు నడిచింది.

"నేను వేటకే వెళ్ళలేదు కదమ్మా" అన్నాను.

"ఎల్లకపోతే పొయ్యకూడదని అందులో ఎక్కడుంది మేస్టారూ? పోసినా నిజమే, పొయ్యకపోయినా నిజమేనని మీరే సెప్పినారు. బిందె ఎలాగూ నింపీసేం."

తప్పు ఆ గుంటది కాదు. పట్టిక ప్రకారం నేను తడవడంలో ఏ దోషమూ లేదు. ఉదాహరణకు వానా గొడుగూ అని ఏదో చెప్పి ఊరుకోవలసింది.

తెల్లచొక్కా ఉతికి ఆరేశాను, వాసన పోలేదు. ఈ బ్లాగు చదివేవాళ్ళలో ఎవరికైనా చిట్కా తెలిస్తే రాయండి. 'ఉతికితే పోతుంది' అని మాత్రం రాయకండి, ఆ వాక్యం అబద్ధమని తేలిపోయింది.