మురీ డబ్బాలో కాగితాలు

ఏక్‌బాల్‌పూర్ నుంచి మెటియాబ్రుజ్ దాకా ఏ ఇంట్లో కంప్యూటర్ మొరాయించినా, ఏ ప్రింటర్ నోరు మూసుకున్నా, దాన్ని మళ్లీ దారిలో పెట్టింది నేనే. రేవులో క్రేన్ నడిపి రిటైరైన చెయ్యి ఇది. ఇనుము నా మాట వింటుంది.

మా కోడలు పిల్లల గౌన్ల మీదికి పూలూ లతలూ కంప్యూటర్‌లో గీస్తుంది. వాటిని అసలు కొలతలో కాగితం మీదికి దింపితే, మెటియాబ్రుజ్ కుట్టుపని కార్ఖానాల్లో గుడ్డ మీద పెట్టి అచ్చు తీసుకుంటారు. ఎన్నాళ్లో తిరిగాక ఒక కార్ఖానా యజమాని, అక్కడ ఓస్తాగర్ అంటారు, నమూనాలు తెమ్మన్నాడు. ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేసి బెంగాలీలో ఒక మాట కూడా అన్నాడు: "బారోటా బాజ్‌లే ఒన్నో కావుకే దియే దేబో, దీది." పన్నెండు దాటితే పని ఇంకొకరికి ఇచ్చేస్తాడట. బయట వాన. సందు చివర ప్రింట్లు తీసే కొట్లోకి నీళ్లొచ్చి షట్టర్ దించేశారు. ఇంట్లో ప్రింటర్ ఒక్కటే దిక్కు.

కోడలు ప్రింట్ నొక్కింది. ప్రింటర్ ఉలకలేదు. తెర మీద 'ఆఫ్‌లైన్' అని పడింది.

"లే, నేను చూస్తాను" అని నేను కుర్చీలో కూర్చున్నాను. ప్రింట్ నొక్కాను. మళ్లీ నొక్కాను. కోపం వచ్చి వరసగా నొక్కుతూ పోయాను. ఆఖరికి ప్రింటర్ డొక్కలో ఒకటి చరిచాను.

"మావయ్యా, కొట్టకండి! అదేటి మీ క్రేనా? వారంటీ కూడా అయిపోనాది."

"క్రేన్‌కైనా ఇదే మందు."

"అందుకే నువ్వు పనిచేసిన ఆ క్రేన్ కంపెనీ మూతబడిపోనాది" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

అప్పుడు రేవు పాఠం గుర్తొచ్చింది. ఆగిన యంత్రాన్ని మళ్లీ మళ్లీ ఎత్తమనకూడదు. స్విచ్ ఆపి, తీగను ఈ కొస నుంచి ఆ కొస దాకా చేత్తో తడుముకుంటూ పోవాలి. పోయాను. ప్రింటర్ నుంచి వచ్చిన తీగ కంప్యూటర్ వెనక ఊడి వేలాడుతోంది. ఎలుక లాగినట్టుంది. మా రేవు ఎలుకలు పిల్లిని తరుముతాయి, తీగ ఒక లెక్కా! గుచ్చి స్విచ్ వేశాను. ప్రింటర్ మూలిగి లేచింది.

లేచి, నేను నొక్కినవన్నీ ఒకేసారి మొదలుపెట్టింది. వానకు మెత్తబడిన కాగితాలను జంటగా లాక్కుని గొంతుకు అడ్డం వేసుకుని ఆగిపోయింది. ఎర్ర దీపం.

ఇక్కడ నా చెయ్యి పనిచెయ్యలేదు. కోడలే తెర మీద వరసలో నిలబడ్డ ప్రింట్లన్నిటినీ రద్దు చేసింది, స్విచ్ ఆపింది, వెనక మూత తీసింది. ఇరుక్కున్న కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, అది వెళ్లే వైపుకే నిదానంగా లాగింది. ఒక్క ముక్క కూడా లోపల మిగల్లేదు. కానీ పెట్టిన ప్రతి కాగితమూ మళ్లీ ఇరుక్కుంటూనే ఉంది. గడియారం వంక చూసి కోడలు పెదవి కొరుక్కుంది.

మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఒక కాగితం వేళ్ల మధ్య నలిపి చూసింది. "సెమ్మగిల్లిపోనాయి. వానలో మురీ ఇలాగే మెత్తబడిపోద్ది." లోపలికి వెళ్లి మురీ డబ్బా తెచ్చింది. బిగుతు మూత తీస్తే అందులో, మురమురాల మీద, సంచిలో చుట్టిన కాగితాల కట్ట! వానలు మొదలైనప్పుడే దాచింది. అప్పుడు నేను నవ్వాను కూడా.

"నవ్వినావుగా? ఇప్పుడు నవ్వు."

కాగితాలు అప్పడాల్లా ఫెళఫెళలాడుతున్నాయి. కోడలు కొసలు దులిపి ట్రేలో సర్దింది. పూలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి, మురీ వాసనతో. వాటిని ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాటి లోతు నీళ్లలో ఆటో కోసం పరుగెత్తింది. పన్నెండు కొట్టకముందే అందించింది. ఓస్తాగర్ గౌన్ల పని ఇచ్చాడు.

సరే, మొదట్లో రాసిన మాట కొంచెం సాగదీశాను. ఏక్‌బాల్‌పూర్ నుంచి మెటియాబ్రుజ్ దాకా కాదు. మా ఇంట్లోదే, ఆ ఒక్క ప్రింటరే. దాన్ని కూడా నడిపించింది మా ఆవిడ డబ్బా, కోడలి వేళ్లు. కాకపోతే తీగ కనిపెట్టింది మాత్రం నేనే, అది ఎవరూ కాదనలేరు.

కోడలికి తెలుగు చదవడం రాదు. అందుకని ఇదంతా పైకి చదివి వినిపించాను. కంప్యూటర్ మీంచి తల తిప్పకుండా అంది:

"ఎలకేటి మావయ్యా? ఆ బొక్కలో మీ ఫోను సార్జింగెట్టుకోడానికి ఆ తీగ పీకింది మీరే."