కాలవగట్టు మీద పచ్చరంగు

రాజాం దగ్గర పెరుగుతున్న ఓ చిన్న పట్నంలో నాది కుట్టుమిషను షాపు. వెనక కాలవగట్టు మీద వరసగా రేకుల ఇళ్లు. ఒక దాంట్లో నా స్నేహితురాలు ఉంటుంది. భావనపాడు నుంచి కోడలిగా వచ్చి వీధుల్లో చేపలమ్ముతోంది.

పోయినేడు ఊరికి కొత్త ప్లాను గీశారని, అభ్యంతరాలుంటే చెప్పమని మైకులో చెప్పారు. ఇద్దరం మున్సిపాలిటీ ఆఫీసుకి వెళ్లాం. గోడకి పెద్ద పటం అంటించారు. మా వీధి పసుపు, బజారు ఎరుపు, కాలవగట్టు నిండా పచ్చ.

"పచ్చంటే ఏటక్కా?"

"పార్కంట."

పార్కు లేదని, సాయంత్రం నడుద్దామంటే లారీల మధ్యే నడవాలని నేను ఆమెతో ఎన్నోసార్లు అన్నాను. ఇప్పుడామె ఆ పచ్చరంగు మీద వేలు పెట్టి తన ఇల్లు వెతుక్కుంటోంది.

గట్టు మీది వాళ్లకి ఊరి బయట ఇళ్లు కట్టిస్తామని అక్కడి అధికారి మర్యాదగానే చెప్పాడు.

"మంచిదే బాబూ. అక్కడ సేపలెవులు కొంతారు?" అందామె.

ఆయన రాసుకుని నా వైపు తిరిగాడు. "మీరేమంటారమ్మా?"

పార్కూ కావాలి, ఈమె కూడా ఇక్కడే కావాలి అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వులాటకి అనలేదు.

కొన్నాళ్లకి పటం మారింది. నా స్నేహితురాలు షాపులోకి పరిగెత్తుకొచ్చి, "మాది తప్పిపోనాదక్కా!" అంది. పచ్చరంగు కాలవ అవతల, బుట్టలల్లేవాళ్ల ఇళ్ల మీదికి జరిగిందట. చేతులు పట్టుకుని నవ్వుకున్నాం. అంతలో ఆమే ఆగిపోయింది.

"నా సేపల బుట్ట అల్లీది ఆలే కదా. ఆలకి ఎవులైనా సెప్పారో, లేదో."

ఎవరూ చెప్పలేదు. కాలవ దాటి వెళ్లి మేమే చెప్పాం. వెదురు చీలుస్తున్న ముసలామె కత్తి పక్కన పెట్టింది.

"మీరు మార్సమన్నారు గాబట్టి మా మీద పడ్డాదా?" అంది. కోపంగా కాదు, తెలియక అడిగింది. మాకూ తెలియలేదు.

మర్నాడు ముగ్గురం ఆఫీసుకి వెళ్లాం. "మరి పార్కు ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు అధికారి. బజారు వెనక, ప్రహరీలు కట్టి వదిలేసిన ఖాళీ స్థలాలు చూపించాను.

"వాటికి పట్టాలున్నాయమ్మా."

"పట్టా ఉంటే పచ్చరంగు పడదా బాబూ?" అంది ముసలామె.

"అలా కాదు" అన్నాడాయన. మేం చెప్పింది మాత్రం మళ్లీ రాసుకున్నాడు.

ప్లాను ఇంకా ఖరారు కాలేదు. "మీ వెనకాలే పార్కొస్తాదట కదా, అదృష్టవంతురాలివి" అని బట్టలు కుట్టించుకోడానికి వచ్చినవాళ్లు అంటుంటారు. అవుననాలో కాదనాలో తెలియక, టేపు తీసి కొలతలు తీసుకుంటాను.