మేకుకు తగిలించిన బ్లేడు

వెల్డర్ కాక పోయాడన్న కబురు ఆయన మేనల్లుడి ఫోనులో వచ్చింది. నేను డ్యూటీలో ఉన్నాను, గ్రౌండు మధ్యలో, గడ్డి మిషన్ మీద. ఇంజను ఆపి, "ఎవరు చూసిండ్రు?" అని అడిగాను. "గదేం అడుగుడక్కా? దవాఖానల నా చేతులల్లనే పోయిండు" అని వాడు బోరుమన్నాడు. అప్పటిగ్గానీ నాకు నమ్మకం కుదరలేదు. చావు కబురు చెప్పినవాణ్ని సాక్షి ఎవరని అడగడం మర్యాద కాదని నాకూ తెలుసు. ఏం చెయ్యను, ఆ ప్రశ్న నాకు నేర్పింది ఆ పోయిన మనిషే.

ఎవరేం చెప్పినా కాక నోట ముందు వచ్చే మాట అదే, "ఎవరు చూసిండ్రు?" ఆయన బొగ్గు గనుల వర్క్‌షాపులో వెల్డరు. మాకు చుట్టరికం ఏమీ లేదు. కాలనీలో మా వెనక వరుస క్వార్టర్ వాళ్లది. మొదటిసారి నేను "కాకా" అని పిలిస్తే పైనుంచి కిందిదాకా చూసి, "కాక అంటున్నవు, ఏం పనిబడ్డది?" అన్నాడు. నిజానికి పనిబడే పిలిచాను. మా గేటు గొళ్లెం విరిగింది. అతికించి ఇచ్చాడు గానీ, అది ఎలా విరిగిందో నా చేత చెప్పించుకుని, నేను చెప్పింది నమ్మకుండానే వెళ్లాడు.

ఆయన అనుమానాలు ఒకటా రెండా! పాలు పోసేవాడి ఎదుటే గోడ మీద చుక్క వేసి అది జారే తీరు చూసేవాడు. గుడ్లు తెస్తే నీళ్లలో వేసి, తేలినదాన్ని పట్టుకుని మళ్లీ దుకాణానికి బయలుదేరేవాడు. "నన్ను జేసుకునేటప్పుడు నీళ్లల్ల ఎయ్యలేదు, గదొక్కటే తక్కువ" అని చిన్నమ్మ, అంటే ఆయన భార్య, అందరిముందూ అనేది. దవాఖానలో డాక్టరమ్మ గోలీలు రాసిస్తే, "గివి మీరెప్పుడన్న ఏసుకున్నరా మేడం?" అని అడిగిన ఘనుడు. చర్చిలో ఎంత ఎండాకాలమైనా ఫ్యాన్ కింద కూర్చునేవాడు కాదు. చెమట కారుతున్నా సరే, కిటికీ పక్కనే. "దేవుని మందిరంలో కూడా అనుమానమేనా?" అని పాస్టరు గారు నవ్వితే, "దేవుని మీద లేదయ్యా. పైన ఆ కొండి బిగించినోని మీద" అన్నాడు.

ఇదంతా ఎక్కణ్నుంచి వచ్చిందో చిన్నమ్మే ఒకసారి చెప్పింది. వయసులో ఉన్నప్పుడు కాక గని లోపల పనిచేశాడు. లోపల ఏ చోట నిలబడాలన్నా ముందు పైకప్పును కర్రతో కొట్టి చూడాలి. గట్టిగా మోగితే మంచిది, డొల్లగా మోగితే వెనక్కి రావాలి. ఒకరోజు జోడీగా పనిచేసే మనిషి "నిన్ననే కొట్టి చూసిన, మంచిగనే ఉన్నది, రా" అన్నాడట. కాక నమ్మి వెనకాలే వెళ్లాడు. కప్పు కూలింది. ఆ మనిషి అక్కడే పోయాడు, కాక భుజం విరిగి బయటపడ్డాడు. ఆ తర్వాతే పైన వర్క్‌షాపుకు మార్చారు, అక్కడ వెల్డింగు నేర్చుకున్నాడు. "నిన్న మంచిగుంటే నిన్నటికి మంచిగున్నది. ఇయ్యాల కొట్టి చూడు" అని ఆయన ఊరికే అనేవాడు కాదని నాకప్పుడు తెలిసింది. తెలిసినా కోపం తగ్గలేదనుకోండి. ఎందుకంటే ఆ అనుమానం ఒకరోజు నా మీదికే వచ్చింది.

నా భర్త పోయాక ఆయన ఉద్యోగం నాకిచ్చి గార్డెన్ సెక్షన్‌లో వేశారు. కొన్నేళ్లు చీపురు పట్టాను. తర్వాత ఆటల గ్రౌండు కోసం, కూర్చుని నడిపే గడ్డి మిషన్ ఒకటి వచ్చింది. చిన్న ట్రాక్టరులా ఉంటుంది, కింద బ్లేడు గిర్రున తిరుగుతూ గడ్డి కోసుకుంటూ పోతుంది. మగవాళ్లు "బొమ్మబండి" అని నవ్వారు. నేను నేర్చుకుంటానంటే, సరే నేర్చుకోమన్నారు. తీరా అది కూర్చుని చేసే డ్యూటీ అని అర్థమయ్యాక సెక్షన్ మొత్తానికి నడుము నొప్పులు పట్టుకున్నాయి. అందరికంటే ఎక్కువ నొప్పి కాక మేనల్లుడికి. వాడూ మా సెక్షనే.

ఆ సీటు నాకెంతో మీకు చెప్పాలి. చీపురు పట్టినన్నాళ్లూ నేను ఫలానా ఆయన పెండ్లాన్ని, పాపం. సీటెక్కాక బడి పిల్లలు గోడ మీద కూర్చుని "మిషన్ అక్కా!" అని చేతులూపేవారు. పాపం అన్న మాట అక్కడితో పోయింది. దాన్ని మళ్లీ తెచ్చుకోవడానికి నేను సిద్ధంగా లేను.

అలాంటప్పుడు మిషన్ పగిలింది. ఇంజను ఫ్రేము మీద కూర్చునే చోట ఇనప పట్టీలుంటాయి, మెకానిక్కులు మౌంటింగులంటారు. ఇంజను బరువు మోసేవి అవే. వాటిలో ఒకటి నెర్రెబారింది. కాక వెల్డింగు చేశాడు. కొన్నాళ్లకు ఆ వెల్డింగు పక్కనే మళ్లీ పగిలింది. ఈసారి ఇంకాస్త మందంగా వేశాడు. ఆ మందం పక్కన ఇంకో పగులు.

"బండిని కాలువ గట్టు మీదికెళ్లి ఎక్కిస్తున్నవు గదా? నిజం జెప్పు."

"ఎవరు చూసిండ్రు కాకా?" అన్నాను. ఆయన మాట ఆయనకే తగిలింది, మొహం ముడుచుకున్నాడు.

నేనూ తక్కువ తినలేదు. నా లెక్క నాకుంది. ఈ ముసలాయన కావాలనే కచ్చాగా అతికిస్తున్నాడు, నన్ను దించి మేనల్లుణ్ని ఎక్కించడానికే. పగిలిన ప్రతిసారీ ఆ మేనల్లుడు నా చుట్టూ తిరుగుతూ "అక్కా, నీకు చేతగాకపోతే చెప్పు, నేనున్న" అంటుంటే ఇంకేమనుకోవాలి?

ప్రత్యేక రాష్ట్రం కోసం గనులన్నీ బందైన రోజులు వచ్చాయి. సమ్మెలో మేమంతా రోడ్ల మీదే వండుకుని తిన్నాం. గ్రౌండులో గడ్డి మోకాళ్లు దాటింది. సమ్మె ముగిశాక పెద్ద ఆటల పోటీలు దగ్గరపడ్డాయి. ఆ గడ్డి కోస్తుండగా మౌంటింగు మళ్లీ పగిలింది. సూపర్‌వైజర్ సారు వచ్చి చూసి ఒకే మాట అన్నాడు. "ఇదే ఆఖరిసారమ్మా. మళ్ల పగిలితే నువ్వు పాత పనికి పోవాలె. ఇంకొకరిని కూసోవెడత." సమ్మెలో పక్కపక్కన కూర్చుని తిన్నవాళ్లెవరూ ఒక్క మాట సాయం రాలేదు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా వర్క్‌షాపుకు పోయి కాక ఎదురుగా నిలబడ్డాను.

"ఏం జూస్తున్నవు?"

"నువ్వేం జేస్తున్నవో చూస్తున్న."

తిడతాడనుకున్నాను. వెల్డింగు అద్దం ఇంకొకటి తీసి నా చేతిలో పెట్టాడు. "ఉత్త కండ్లతోని చూడకు, పోతయి. చూసేదేదో మంచిగ చూడు" అన్నాడు. తనను అనుమానించినందుకు నొచ్చుకోని మనిషిని అప్పుడే మొదటిసారి చూశాను. ఆయనకు అది గౌరవమేమో!

రంగు గీకేశాడు. కిరసనాయిలు రాసి, బట్టతో శుభ్రంగా తుడిచి, పైన చాక్‌పీసు పొడి చల్లాడు. కాసేపటికి తెల్లటి పొడిలో సన్నటి తడి గీత పైకి తేలింది. పగులు మేమనుకున్నచోట ఆగలేదు, ఇంకా ముందుకు పోయింది. "దాక్కుంటది బిడ్డా. కప్పుల దాక్కుంటది, ఇనుముల దాక్కుంటది" అన్నాడు. గీత చివర చిన్న బొక్క వేశాడు, పగులు అక్కడితో ఆగాలని. పగులు పొడవునా గాడి తీసి, లోపలినుంచి నింపుకుంటూ వచ్చి, వెనక ఒక పట్టీ ముక్క అతికించాడు. అంతా నా కళ్లముందే చేశాడు. అతుకులో దొంగతనం లేదని నాకు అర్థమైంది. అయితే తప్పు నాదేనని ఆయన అనుకుంటాడని కూడా అర్థమైంది.

మర్నాడు కాక లీవు పెట్టి, స్టూలు, స్టీలు గ్లాసు, చాయ్ ఫ్లాస్కు పట్టుకుని గ్రౌండు మూలకొచ్చి కూర్చున్నాడు. నన్ను కాపలా కాయడానికి! నేను ఏ గుంత దగ్గర తిప్పుతున్నాను, ఏ రాయి మీదికి పోతున్నాను, అంతా చూస్తున్నాడు. మధ్యాహ్నం అన్నం తెచ్చిన చిన్నమ్మ ఆయన్ని చూసి, నన్ను చూసి, "ఇద్దరికిద్దరు సరిపోయిండ్రు" అని వెళ్లిపోయింది.

పొద్దువాలేటప్పటికి కాక స్టూలు మీంచి లేచి వచ్చాడు. "నీ నడుపుడుల తప్పు లేదు" అన్నాడు. మెచ్చుకోలుగా కాదు, దొంగ దొరకలేదన్న విసుగుతో అన్నాడు. నన్ను సీట్లోనే ఉండమని, స్టీలు గ్లాసులో చాయ్ పోసి మిషన్ రేకు మీద పెట్టాడు. బ్లేడు ఆపించి ఇంజను ఒక్కటే నడిపించాడు. చాయ్ కొద్దిగా అల్లాడింది. "ఇగ బ్లేడు తిప్పు" అన్నాడు. నేను లివర్ వేశానో లేదో గ్లాసు గడగడలాడి, చాయ్ ఎగిరి ఆయన చొక్కా మీద పడింది. ఆయన చొక్కా వంక చూసుకోలేదు. బ్లేడు వంకే చూస్తున్నాడు.

దాన్ని విప్పి గార్డెన్ షెడ్డులోకి తీసుకుపోయాడు. నేను వెంటబడ్డాను. సూపర్‌వైజర్ సారు, మేనల్లుడు, ఇంకా ఇద్దరు ముగ్గురు చేరారు. కాక గోడకు ఒక మేకు కొట్టి, బ్లేడు నడిమి బొక్కను దానికి తగిలించి చెయ్యి వదిలాడు. ఒక కొస టక్కున కిందికి పడింది. ఆ కొస బరువు. బరువు తేడా ఉన్న బ్లేడు అంత వేగంతో తిరిగితే మిషన్ మొత్తాన్ని కుదిపేస్తుంది. ఆ కుదుపుకే మౌంటింగు పగులుతోంది. ఎన్నిసార్లు అతికినా పగలకేం చేస్తుంది?

కొస అలా పడడానికి అర్థమేమిటో అప్పటికి కాకకు తప్ప మాలో ఇంకెవరికీ తెలియదు. నోరు మూసుకుని బ్లేడు వర్క్‌షాపుకు తీసుకుపోయి సరిచేసుకుంటే కాకను అడిగేవాళ్లు లేరు. పేరు నాదే చెడేది, సీటు మేనల్లుడికి పోయేది. కాక కొంచెంసేపు ఆ కిందికి వాలిన కొసనే చూశాడు.

"సారూ," అన్నాడు, "ఈ బ్లేడు మొదటినుంచి అరగదీసింది నేనే. ఒక దిక్కు ఎక్కువ అరగదీసిన, ఒక దిక్కు తక్కువ. అందరి మీద అనుమానపడ్డ గని నా చెయ్యి మీద పడలే. తప్పు నాది. ఆ పిల్లను సీటు దించకుండ్రి."

ఆ మాటకు మేనల్లుడి మొహం మాడిపోయింది. సారు సరేనని తల ఊపి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. కాక నా వైపు తిరిగి "ఏడ్సుడెందుకు? పట్టుకో" అని బ్లేడు నా చేతికిచ్చాడు. "ఇగ నువ్వే అరగదియ్యి. నా చెయ్యి మీద నాకు నమ్మకం పోయింది" అన్నాడు. మేకు తన ఎత్తుకు కొట్టుకున్నానని గమనించి, దాన్ని పీకి నా కంటి ఎత్తుకు దించి కొట్టాడు.

ఆకురాయి ఎలా పట్టాలో ఆయనే నేర్పాడు. తర్వాత మౌంటింగు పగల్లేదు. అలాగని కాక మారాడనుకోకండి. రిటైరయ్యాక కూడా సాయంత్రం నడకకొచ్చి షెడ్డులోకి తొంగిచూసేవాడు. "తగిలించినవా?" "తగిలించిన కాకా, సమానంగనే నిలబడ్డది." "ఎవరు చూసిండ్రు?" అని, మళ్లీ తగిలింపించేవాడు. నిలబడ్డాక, "తిప్పి పెట్టు. మేకు కూడ అబద్ధమాడుతది" అనేవాడు. నాకు చిర్రెత్తేది. "నీకు సచ్చేదాక నమ్మకం రాదు" అని ఒకసారి అనేశాను. "రాకపాయె. నీకు సీటు ఉండె గద" అన్నాడు.

చర్చి హాల్లో ఆయన పెట్టెను మధ్యలో పెట్టారు. పైన ఫ్యాన్ తిరుగుతోంది. చిన్నమ్మ ఏడుపు ఆపి, పైకి చూసి, "జర పక్కకు జరుపుండ్రయ్యా. ఆయన ఫ్యాన్ కింద ఉండడు" అంది. ఎవరూ నవ్వలేదు. పాస్టరు గారు తనే ఒక చెయ్యి వేశారు. మేనల్లుడు, నేను, ఇంకో ఇద్దరు కలిసి పెట్టెను కిటికీ పక్కకు చేర్చాం. మేనల్లుడు బరువు ఎక్కువగా తన వైపే తీసుకున్నాడు. అది నేను చూశాను.

మట్టి వేసి వచ్చిన మర్నాడు డ్యూటీ ఎక్కాను. వానాకాలం, గడ్డి మీకు తెలుసు కదా, ఎవరి చావుకూ ఆగదు. బ్లేడు విప్పి రెండు కొసలూ అరగదీసి, షెడ్డులో నా కంటి ఎత్తున ఉన్న మేకుకు తగిలించాను. కొంచెం ఊగి, సమానంగా నిలబడింది. తలుపు వైపు చూశాను. ఎవరూ లేరు.

బ్లేడు తీసి, తిప్పి మళ్లీ తగిలించాను.